ముందు బోర్డు చూడండి

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో గేమ్ కన్సోల్ ఆన్ కావడం మానేసిందంటే దాని కథ ఎక్కువగా ఒకేలా నడుస్తుంది. షాపుకి తీసుకెళ్తారు. "మదర్‌బోర్డు పోయిందండి, ఇంక దీని మీద డబ్బులు పెట్టకండి" అంటారు. ఇంటికి తెచ్చి అటకెక్కిస్తారు. ఆ మాట కొన్నిసార్లు నిజమే. కానీ నా టేబుల్ మీదకొచ్చిన పాత ఎక్స్‌బాక్స్ 360ల్లో మదర్‌బోర్డు నిక్షేపంగా ఉండి, దాని ముందు భాగంలో అరచేతిలో పట్టేంత చిన్న బోర్డు ఒక్కటే పాడైనవి తక్కువేం కాదు. పవర్ బటన్, లైట్లు, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్‌తో మాట్లాడే వైర్‌లెస్, అన్నీ ఉండేది ఆ బోర్డు మీదే. దాన్ని విప్పి చూడకుండా కన్సోల్ చచ్చిపోయిందని తేల్చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నేనొక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. ఇల్లు లాసన్స్ బే కాలనీలో. కిటికీ ఊచలకి ఏటా రంగు వేయించినా ఏటా తుప్పు పడుతుంది, ఏసీ బయటి యూనిట్ రాగి గొట్టాలు చిల్లులు పడతాయి. ఇక్కడ ఉండేవాళ్లకి ఇదేం కొత్త సంగతి కాదు. మా అక్క కొడుకు ఎంవీపీ కాలనీలో ఉంటాడు. వాడి స్నేహితుల దగ్గర పాడైన కన్సోళ్లన్నీ "పిన్నీ, ఒకసారి చూడవా" అంటూ నా దగ్గరికే చేరతాయి. వాటిలో చాలా వరకు షిప్పుల్లో పనిచేసే మావయ్యలో బాబాయిలో సింగపూర్ నుంచి తెచ్చినవి. వయసైపోయినవే, కానీ పిల్లలకి వాటి మీద ఇంకా ప్రాణం.

ముందుగా ఎక్స్‌బాక్స్ 360 గురించి. అమెరికాలో 2005 నవంబర్‌లో, మన దేశంలో 2006లో వచ్చింది. ఆ మొదటి లావు మోడల్‌కి ముందున్న ప్లాస్టిక్ పలక ఊడదీస్తే లోపల నిలువుగా ఈ బోర్డు కనిపిస్తుంది. ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మాడ్యూల్ అంటారు. మధ్యలో పవర్ బటన్, దాని చుట్టూ నాలుగు భాగాలుగా లైట్లు. ఆకుపచ్చ వెలిగితే ఎన్నో నంబరు కంట్రోలర్ కలిసిందో చెబుతుంది. ఎరుపు వెలిగితే జబ్బు చెబుతుంది. వైర్‌లెస్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. కానీ అది బ్లూటూత్ కాదు, మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. అందుకే ఆ కంట్రోలర్ మామూలు బ్లూటూత్ ఉన్న ల్యాప్‌టాప్‌కి కలవదు. ఒకేసారి నాలుగు కంట్రోలర్ల వరకూ ఈ బోర్డే చూసుకుంటుంది. మదర్‌బోర్డుకీ దీనికీ మధ్య వైరేమీ ఉండదు. వెనకున్న కనెక్టర్ నేరుగా సాకెట్లో దిగిపోతుంది.

ఈ కన్సోల్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మూడు ఎర్ర లైట్లు. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం, ఈ తంతులో గ్రాఫిక్స్ చిప్ దగ్గరి అతుకులు తెగిపోయేవి. సమస్య ఎంత పెద్దదంటే 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకి పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎర్ర లైట్లు వెలుగుతున్నాయంటే ముందు బోర్డు బాగానే ఉందన్నమాట. జబ్బు వెనకాల చిప్‌లో ఉంది, దాన్ని మనకి చెబుతున్నది ఈ బోర్డు.

అది చెప్పే కబురు కూడా మూడు లైట్లతో అయిపోదు. ఎర్ర లైట్లు వెలుగుతున్నప్పుడు, కంట్రోలర్‌ని కన్సోల్‌కి జతచేసే సింక్ బటన్ నొక్కి పట్టుకుని, డిస్క్ బయటికొచ్చే ఎజెక్ట్ బటన్ నొక్కండి. లైట్లు మరో రకంగా మెరుస్తాయి. నాలుగూ మెరిస్తే సున్నా, ఒకటి మెరిస్తే ఒకటి, రెండు మెరిస్తే రెండు, మూడు మెరిస్తే మూడు. మళ్లీ నొక్కితే రెండో అంకె. అలా నాలుగు అంకెల కోడ్ వస్తుంది. 0102 వచ్చిందంటే ఎక్కువగా ఆ అతుకుల గొడవే. ఈ సంగతి మా అక్క కొడుక్కి చూపించినప్పుడు వాడు కాగితం తెచ్చి అంకెలు రాసుకున్నాడు. ఏ స్క్రీనూ లేకుండా నాలుగు లైట్లతో లోపల ఏ భాగం దెబ్బతిందో చెప్పే ఏర్పాటు చేసిన ఇంజనీర్లంటే నాకు చాలా గౌరవం. ల్యాబ్‌లో పిల్లలకి డిస్‌ప్లే పాఠం చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ చెబుతాను.

ఇక అసలు సమస్య. లైట్లేమీ రావు, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు నేను మొదట చూసేది పవర్ అడాప్టర్ మీది లైటు. నారింజ రంగులో ఉంటే కరెంటు వస్తోంది, కన్సోల్ స్టాండ్‌బైలో ఉందని అర్థం. తర్వాత పవర్ బటన్ వదిలేసి ఎజెక్ట్ బటన్ నొక్కుతాను. లావు 360ని ఆ బటన్ కూడా ఆన్ చేస్తుంది. వైరున్న కంట్రోలర్ ఉంటే దాని మధ్య బటన్ నొక్కినా ఆన్ అవుతుంది. ఇలా ఆన్ అయి టీవీలో బొమ్మ వచ్చిందంటే మదర్‌బోర్డు బతికే ఉంది. తప్పు ముందు బోర్డుది. అలాగే వైరు కంట్రోలర్ పనిచేసి, వైర్‌లెస్ కంట్రోలర్లు మాత్రం ఎన్నిసార్లు సింక్ చేసినా కలవకపోతే వేలు మళ్లీ ఈ బోర్డు వైపే చూపిస్తుంది. దీనికి ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు. షాపులో మదర్‌బోర్డు పోయిందని చెప్పేముందు ఈ కాస్త పని ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

మరి అన్ని భాగాల్లోకీ ఇదే ఎందుకు ముందు పాడవుతుంది? నాకు అర్థమైనంత వరకు కారణాలు మూడు కలిసొస్తాయి. ఒకటి, బటన్ చుట్టూ ఉన్న సందులోంచి గాలి నేరుగా దీని మీదకొస్తుంది. ఉప్పు గాలి. ఉప్పు రేణువు ఒకసారి బోర్డు మీద కూర్చుందంటే గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడల్లా ఆ తేమని పీల్చుకుని నీరుగా మారుతుంది. మన ఊళ్లో తెల్లవారుజామున అంత తేమ ఉండడం మామూలే. రెండు, మదర్‌బోర్డు ఆడినంతసేపూ వేడెక్కి ఆరిపోతుంది. ముందు బోర్డుకి ఆ వేడి అంతగా తగలదు, తడి తడిగానే ఉండిపోతుంది. మూడోదే ముఖ్యం. గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం ఈ బోర్డులో కరెంటు ఉంటుంది. కన్సోల్ మొత్తం పడుకున్నా ఇది మాత్రం గుమ్మం దగ్గర కాపలా మనిషిలా మెలకువగా ఉండి, కంట్రోలర్ పిలుపు కోసం వింటూ ఉంటుంది. సోఫాలోంచి లేవకుండా కన్సోల్ ఆన్ చేయగలుగుతున్నామంటే అందుకే. ఉప్పునీరు, రాగి, ఎప్పుడూ ఉండే వోల్టేజ్, ఈ మూడూ ఒకచోట కలిస్తే రాగి కరిగి పచ్చటి చిలుము పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇది ఇంకా ఘోరంగా చూశాం. కిటికీ అద్దాలు పగిలి సముద్రపు జల్లు ఇళ్లలోకొచ్చేసింది. కరెంటు తిరిగి రాగానే ఆత్రంగా స్విచ్ వేసిన చోట పోయిన సామాన్లు ఎన్నో. అప్పటి నుంచి మా వీధిలో ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే మాట: తడిసింది ఆరకముందు కరెంటు ఇవ్వొద్దు.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడిది పెద జాలారిపేట. వాళ్ల నాన్న బోటు నడుపుతారు. ఒకసారి బోటు మీది వైర్‌లెస్ సెట్ పనిచేయడం లేదని ల్యాబ్‌కి పట్టుకొచ్చారు. నేను కనెక్టర్ విప్పుతుంటే పక్కనే నిలబడి చూసి, "ఉప్పుగాలికి ఏదీ ఆగదమ్మా. తీగ సివర గాలి తగలకుండా రబ్బరు టేపు గట్టిగా సుట్టేస్తాం. బేటరీ బుడిపెలకి గ్రీజు రాస్తాం. ఈసారి మావోడు మర్సిపోనాడు, అదే వొచ్చింది" అన్నారు. అక్కడే టేబుల్ మీద విప్పి పెట్టిన 360 ముందు బోర్డు చూసి, "ఇదేటమ్మా, దీనికేటీ సుట్టలేదు?" అని అడిగారు. ఇంట్లో హాల్లో పెట్టుకునే సామానుకి అంత రక్షణ అక్కర్లేదనుకుని చేస్తారండీ అన్నాను. "మరి మన ఊరికి కావాల కదా" అన్నారు. ఆయన ప్రశ్నలో న్యాయముంది. ఆ తర్వాతే నేను బాగుచేసిన బోర్డులకి కోటింగ్ వేయడం మొదలుపెట్టాను.

బాగుచేసే పద్ధతి చెబుతాను. ముందు పలక ఊడదీసి, చిన్న టార్క్స్ స్క్రూలు విప్పాలి. నక్షత్రం ఆకారంలో ఉంటాయి. వాటికి సరిపోయే స్క్రూడ్రైవర్ ద్వారకానగర్‌లో మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. బోర్డుని పక్కలకి ఊపకుండా నేరుగా ముందుకి లాగాలి, లేకపోతే కనెక్టర్ పిన్నులు వంగుతాయి. తర్వాత వెలుతురులో పట్టుకుని చూడండి. బటన్ కాళ్ల దగ్గర, కనెక్టర్ దగ్గర తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపిస్తే చాలావరకు దొంగ దొరికినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం ఉన్నది తీసుకుని మెత్తటి బ్రష్‌తో కడగాలి. శానిటైజర్ పనికిరాదు. అందులో నీళ్లుంటాయి, చాలావాటిలో గ్లిసరిన్ కూడా ఉంటుంది, అది జిగురుగా మిగిలిపోతుంది. కడిగాక ఫ్యాను కింద బాగా ఆరనివ్వాలి.

తర్వాత మల్టీమీటర్‌తో బటన్ కొలవాలి. బాగున్న స్విచ్ నొక్కితే ఒక ఓమ్ లోపే చూపిస్తుంది. లోపల తుప్పు పట్టినది నొక్కిన ప్రతిసారీ ఒక్కో అంకె చూపిస్తుంది, లేదా అసలేం చూపించదు. అలాంటిదాన్ని శుభ్రం చేసి మళ్లీ పెట్టే ప్రయత్నం నేను చేయను. అదే కొలత స్విచ్ కొన్ని రూపాయల్లో వస్తుంది, మార్చేయడమే మేలు. చివర్లో బోర్డు వెనక పల్చగా యాక్రిలిక్ కోటింగ్ స్ప్రే కొడతాను. స్విచ్ మీదా, కనెక్టర్ మీదా, యాంటెన్నా ఉన్న చోటా టేపు వేసి కాపాడాకే కొట్టాలి. కనెక్టర్ మీద పడితే కరెంటు అందదు, యాంటెన్నా మీద మందంగా పడితే అది పలికే ఫ్రీక్వెన్సీ పక్కకి జరుగుతుంది.

బోర్డు మరీ తినేసి ఉంటే మార్చుకోవచ్చు, అదే దీనిలో గొప్ప సౌకర్యం. 360లో డీవీడీ డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య రహస్య కీ ఉంటుంది. ఒక కన్సోల్ డ్రైవ్ తెచ్చి ఇంకోదానికి పెడితే ఆట డిస్క్ చదవదు. ముందు బోర్డుకి అలాంటి ముడి ఏదీ లేదు. ఎర్ర లైట్లతో మూలపడ్డ కన్సోల్ నుంచి తీసి దీనికి తగిలించి, కంట్రోలర్‌ని ఒకసారి సింక్ చేసుకుంటే సరిపోతుంది. చిప్ పోయిన కన్సోళ్లు దేశంలో ఎన్ని ఉన్నాయో, అన్ని మంచి ముందు బోర్డులు ఉన్నట్టే కదా. మా ల్యాబ్ డబ్బాలో ఉన్నవన్నీ కంచరపాలెం వైపు పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చినవే. ఆయన కిలోల లెక్కన అమ్మేస్తారు.

సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 4, అంటే పీఎస్4 సంగతి కొంచెం వేరు. 2013 నాటి మొదటి మోడల్‌లో, మన దేశంలో 2014 జనవరిలో వచ్చినది, పవర్‌కీ ఎజెక్ట్‌కీ నొక్కే బటన్లు లేవు, తాకితే పనిచేసే పట్టీలున్నాయి. వేలు తగిలితే మారే కెపాసిటెన్స్‌ని (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) ఒక చిన్న బోర్డు పసిగడుతుంది. పల్చటి రిబ్బన్ కేబుల్ మీదుగా ఆ కబురు మదర్‌బోర్డుకి వెళ్తుంది. వానాకాలంలో ఎవరూ ముట్టుకోకుండానే డిస్క్ బయటికి తోసేస్తోందంటూ వచ్చే ఫిర్యాదులు ఈ మోడల్‌వే. వేలి తేమకీ ఉప్పు పట్టిన తడి పొరకీ తేడా దానికి తెలియదు. ఎజెక్ట్ పట్టీ కింద, కన్సోల్ అడుగున ఉన్న రబ్బరు కాలు ఉబ్బి పైకి నొక్కినా అదే జరుగుతుంది. ఆ కాలు తీసేస్తే చాలామందికి నయమైపోయింది. తర్వాత వచ్చిన సీయూహెచ్-1200 మోడల్ నుంచి సోనీ మామూలు నొక్కే బటన్లే పెట్టింది. మన తీరప్రాంతానికి నొక్కే బటనే మేలని నా అభిప్రాయం. అది పాడైతే కనీసం మీటర్‌తో కొలవగలం.

వైర్‌లెస్ దగ్గర బోర్డు తప్పేమీ లేకుండా నింద మోసే సందర్భం ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. మా అక్క కొడుకు పీఎస్4లో కంట్రోలర్ నొక్కిన కాసేపటికి గానీ బ్యాట్ కదలడం లేదని టెన్షన్ పడిపోయాడు. బ్లూటూత్ పోయిందనుకున్నాడు. వెళ్లి చూస్తే ముందున్న యూఎస్‌బీ పోర్టుకి బయటి హార్డ్ డిస్క్ పొట్టి కేబుల్‌తో తగిలించి ఉంది. యూఎస్‌బీ 3.0 సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతుంటే ఆ కేబుల్ నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. 2012లో ఇంటెల్ దీని మీద ఒక పత్రమే వెలువరించింది. మంచి షీల్డు ఉన్న పొడుగు కేబుల్ వేసి డిస్క్‌ని టీవీ వెనక్కి నెట్టాం. ఆట సర్దుకుంది. పైగా మొదటి పీఎస్4 వైఫై కూడా 2.4లోనే పనిచేస్తుంది. పక్క ఫ్లాట్ల రౌటర్లు, కంట్రోలర్, వైఫై అన్నీ అదే ఇరుకు సందులో నడవాలి. కుదిరితే కన్సోల్‌కి ల్యాన్ కేబుల్ ఇచ్చేయండి. ఇంకా అనుమానముంటే సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల దగ్గర కమ్యూనికేషన్ మెథడ్ అని ఉంటుంది. అక్కడ యూఎస్‌బీ కేబుల్ ఎంచుకుని ఆడి చూడండి. అలా బాగుండి వైర్‌లెస్‌లో మాత్రమే ఆలస్యమవుతుంటే అప్పుడు రేడియో వైపు వెతకాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 360 ముందు బోర్డు లోపల మాట్లాడేది మామూలు యూఎస్‌బీ భాషే. అంటే కన్సోల్ పోయినా ఆ బోర్డుని కంప్యూటర్‌కి తగిలించి వైర్‌లెస్ రిసీవర్‌గా వాడుకోవచ్చు. మా ల్యాబ్‌లో రెండో సంవత్సరం పిల్లలు దీన్ని ప్రాజెక్టుగా చేశారు. యూఎస్‌బీ కేబుల్‌లో వచ్చేది 5 వోల్టులు, బోర్డుకి కావాల్సింది 3.3. చాలామంది రెండు డయోడ్లు వరసగా పెట్టి వోల్టేజ్ తగ్గిస్తారు. నాకది నచ్చదు. డయోడ్ మీద పడే వోల్టేజ్ కరెంటుని బట్టి మారుతుంది. 3.3 వోల్ట్ రెగ్యులేటర్ ఐసీ పెడితే ఆ బెంగే ఉండదు. కంట్రోలర్‌ని కలపాలంటే సింక్ ఆజ్ఞ కావాలి, దాన్ని మామూలుగా కన్సోల్ ఇస్తుంది. ఇక్కడ కన్సోల్ లేదు కాబట్టి ఒక ఆర్డ్వినో, అంటే మనం ప్రోగ్రామ్ రాసి పెట్టుకునే చిన్న బోర్డు, ఆ పని చేయాలి. డేటా లైన్ వోల్టేజ్‌ని సున్నాకి దించితే బోర్డు తానే క్లాక్ (లయ చెప్పే పల్సులు) కొట్టడం మొదలుపెడుతుంది, ఆ తాళానికి 10 బిట్లు పంపాలి. ఒక వరస పంపితే సింక్, ఇంకో వరస పంపితే లైట్లు గుండ్రంగా తిరుగుతాయి. ఆర్డ్వినో కూడా 3.3 వోల్టులదే తీసుకోవాలి. 5 వోల్టులది నేరుగా తగిలిస్తే బోర్డుకి ప్రమాదం. విండోస్‌లో డ్రైవర్‌ని మనమే ఎంచి పెట్టాలి, లినక్స్‌లో ఎక్స్‌ప్యాడ్ డ్రైవర్ దీన్ని గుర్తుపడుతుంది.

లైట్లు మొదటిసారి తిరిగినప్పుడు ఆ జాలారిపేట కుర్రాడు కూడా ల్యాబ్‌కొచ్చాడు. వాడిప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. కోటింగ్ వేశారా మేడమ్ అని అడిగి, బోర్డు తిప్పి చూసి నిర్ధారించుకున్నాడు.

మీ ఇంట్లో ఎర్ర లైట్ల 360 ఏదైనా ఉండి, ఇంక బాగుచేయించేది లేదనుకుంటే, కొట్టుకి ఇచ్చేముందు ముందు బోర్డు తీసి ఉంచుకోండి. లావు మోడల్ బోర్డు తర్వాత వచ్చిన సన్న మోడల్ స్లిమ్‌కి సరిపోదు, స్లిమ్‌ది లావుదానికి సరిపోదు. కాబట్టి కవర్ మీద మోడల్ పేరు రాయండి. కవర్లో సిలికా జెల్ ప్యాకెట్ ఒకటి వేసి మూతి గట్టిగా కట్టండి. ఇంకా ఆడుతున్న కన్సోల్ అయితే ఆట అయిపోయాక గోడ దగ్గర స్విచ్ కట్టేయండి. కంట్రోలర్‌తో ఆన్ చేసే సౌకర్యం పోతుంది, లేచి వెళ్లి స్విచ్ వేయాలి. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉండేవాళ్లు ఆ మాత్రం లేవడం మంచిది.